తిరుపతి నుంచి తలకోన, హార్సిలీ హిల్స్, పలమనేరు మీదుగా కారవాన్ ప్రయాణం: రాత్రి బస ఎక్కడ?

పాకాల_జంక్షన్
సంక్రాంతి ముగిసిన తరువాతి వారంలో నాలుగు రోజుల సెలవు కుదిరింది. మా అమ్మగారు, మా అత్తగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మొత్తం ఆరుగురం కారవాన్ (లోపలే మంచాలు, మరుగుదొడ్డి ఉండే బండి) అద్దెకు తీసుకొని పల్లెదారుల్లో తిరిగి రావాలని అనుకుంటున్నాము. తిరుపతిలో బయలుదేరి భాకరాపేట మీదుగా తలకోన, అక్కడి నుంచి పీలేరు, మదనపల్లె దాటి హార్సిలీ హిల్స్, తరువాత పుంగనూరు, పలమనేరు, కైగల్ జలపాతం, అటుపైన కాణిపాకం, చిత్తూరు, పుత్తూరు, కైలాసకోన, నాగలాపురం, చివరగా సూళ్లూరుపేట దగ్గర పులికాట్ సరస్సు చూసుకొని శ్రీకాళహస్తి మీదుగా ఇల్లు చేరాలన్నది నా ఆలోచన. రాత్రి బస గురించి అడిగితే బండి అద్దెకిచ్చేవారు "ఇల్లే మీ వెంట వస్తుంటే బెంగ ఎందుకు, నచ్చిన చోట ఆపుకోండి" అంటున్నారు. ఆ మాట మా ఆవిడకు నమ్మబుద్ధి కావడం లేదు. ఈ దారుల్లో అంత పెద్ద బండి సుఖంగా వెళ్తుందా, రాత్రిపూట నిజంగా ఎక్కడ ఆపుకోవాలి, నాలుగు రోజులు సరిపోతాయా అన్నవి నా సందేహాలు.

సంగటి_ముద్ద
పూర్వం జమాబందీకి, అంటే శిస్తు లెక్కల తనిఖీకి, బయలుదేరిన కలెక్టరు కూడా నాలుగు రోజుల్లో ఇన్ని ఊళ్లు పెట్టుకొని ఉండడు. సగం కొట్టివేయండి, తరువాత మాట్లాడుకుందాం.

బెంగళూరు_చిత్తూరోడు
నన్నడిగితే కారవాన్ ఆలోచననే కొట్టివేయమంటాను. మీరు చెప్పిన చోట్ల మధ్య దూరాలు ఎక్కువ కావు. తిరుపతి నుంచి తలకోన దాదాపు 55 కిలోమీటర్లు, పలమనేరు నుంచి చిత్తూరు దాదాపు 40 కిలోమీటర్లు. ప్రతి మజిలీలోనూ పర్యాటక శాఖ వారివో ప్రైవేటు వారివో గదులు ఉన్నాయి. పెద్ద కారులో వెళ్లి, రెండు గదులు తీసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, ఘాట్‌లో భయమూ తగ్గుతుంది. వందల కిలోమీటర్ల మేర ఊరు తగలని దేశాల్లో పుట్టిన బండి ఇది. మనకు పది కిలోమీటర్లకు ఒక టీ అంగడి ఉంది కదా.

పీలేరు_కోడలు
టీ అంగడి ఉంది నిజమే, దాని పక్కన ఆడవారికి మరుగుదొడ్డి ఉందా అన్నది అడగవలసిన ప్రశ్న. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, దానికి తోడు చక్కెర వ్యాధి. గంటకొకసారి ఆపవలసి వస్తుందని ఆమె ఉదయం నుంచి నీళ్లు తాగకుండానే కూర్చొనేవారు. కారవాన్‌లో వెళ్లినప్పుడు మాత్రం దారి పొడుగునా మజ్జిగ తాగుతూ, కిటికీలోంచి చూస్తూ వచ్చారు. పాకాల గారింట ఇద్దరు పెద్దవారు ఉన్నారు కాబట్టి ఈ బండిని గది అద్దెతో పోల్చి లెక్క వేయడం సరికాదు.

డీజిల్_బాషా
నేను ఈ దారుల్లో టెంపో ట్రావెలర్ నడుపుతాను, కాబట్టి దారి సంగతి చెబుతాను. మన దగ్గర అద్దెకు దొరికే కారవాన్‌లు ఎక్కువగా ఆ రకం చాసిస్ (బండి అడుగు చట్రం) మీద కట్టినవే. నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, మంచాలు, పైన ఏసీ చేరేసరికి బరువంతా పైకీ వెనక్కీ పోతుంది. మలుపులో వెనుక భాగం బయటికి విసురుతుంది, దిగుడులో బ్రేకులు తొందరగా వేడెక్కుతాయి. అందుచేత ఏ ఘాట్ ఎక్కాలి, ఏ ఘాట్ దిగాలి అన్నది ముందే ఆలోచించుకోవాలి. భాకరాపేట ఘాట్‌ను తిరుపతి వైపు నుంచి ఎక్కడం మేలు, అటు నుంచి దిగడం కష్టం. 2022 మార్చిలో పెళ్లివారి బస్సు లోయలో పడింది అక్కడే, అదీ రాత్రిపూట. పలమనేరు నుంచి చిత్తూరుకు దిగే మొగిలి ఘాట్ వెడల్పైన రోడ్డే అయినా వాలు పొడుగ్గా ఉంటుంది, లారీలు అదుపు తప్పే చోటు. పగటి వెలుతురులో, రెండో గేరులోనో మూడో గేరులోనో ఇంజను పట్టు మీద దిగాలి, బ్రేకు మీద కాలు పెట్టుకొని కూర్చోకూడదు. మీరు రాసిన వరుసలో భాకరాపేట ఎక్కుడు, మొగిలి దిగుడు అవుతాయి కాబట్టి ఆ వరుస మార్చవద్దు.

ఇంకొక మాట. బండి ఎత్తు ఎంతో అద్దెవారిని అడిగి, అద్దం మీద చీటీ రాసి అంటించుకోండి. పైన ఏసీ ఉన్న బండి మూడు మీటర్ల దాకా ఉంటుంది. రైల్వే అండర్ బ్రిడ్జిల ముందు ఇనుప అడ్డుకమ్మీలు, పల్లెల్లో వేలాడే కరెంటు తీగలు, పాత రోడ్ల పక్క చింతకొమ్మలు, ఈ మూడూ కారులో వెళ్లేవారి కంట పడవు.

పాకాల_జంక్షన్
బాషా గారూ, ఎక్కుడు దిగుడు సంగతి నాకు తట్టనే లేదు, వరుస అలాగే ఉంచుతాను. పీలేరు_కోడలు గారు చెప్పిన కారణమే మా ఇంట్లోనూ అసలు కారణం. ఇక మిగిలింది రాత్రి బస. తలకోనలో జలపాతం దగ్గరే చెట్ల కింద ఆపుకోవచ్చని ఒకరు చెప్పారు, నిజమేనా?

రిటైర్డ్_బీటు
నిజం కాదు. తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలోని అడవి. అనుమతి లేకుండా రాత్రి అక్కడ బండి ఆపి పడుకోవడం, పొయ్యి వెలిగించడం నేరం. అటవీశాఖ ఆధ్వర్యంలో నెరబైలు గ్రామస్థులు నడిపే పర్యావరణ పర్యాటక బస అక్కడ ఉంది, పర్యాటకాభివృద్ధి సంస్థవారి అతిథిగృహమూ ఉంది. వాటి ఆవరణలో బండి పెట్టుకోవడానికి ముందుగా ఫోను చేసి, బండి పొడవు ఎత్తు చెప్పి, ఒప్పుకున్న మనిషి పేరు రాసుకొని వెళ్లండి. జలపాతం 270 అడుగులది. జనవరి చివర ధార సన్నబడినా నీళ్లు ఉంటాయి. పెద్దవారు కింద సిద్ధేశ్వరస్వామి ఆలయం దగ్గర కూర్చోవచ్చు, పైకి మెట్లు వారికి వద్దు.

తలకోన కన్నా జాగ్రత్త పడవలసింది పలమనేరు తరువాతి దారిలో. కైగల్ జలపాతం పలమనేరు, కుప్పం రోడ్డు మీద ఉంది. ఆ చుట్టుపక్కలది కౌండిన్య అభయారణ్యం, ఏనుగుల కోసం 1990లో ప్రకటించినది. పొద్దు వాలాక ఏనుగులు రోడ్డు దాటి రాగి చేలకూ చెరకు తోటలకూ వస్తాయి. చేను పక్కన బండి నిలిపి, లోపల అరటిపళ్లు, బెల్లం, పనసతొనలు పెట్టుకొని నిద్రపోవడం కన్నా తెలివితక్కువ పని ఇంకొకటి లేదు. ఏనుగుకు వాసన మనం ఊహించలేనంత దూరం నుంచి అందుతుంది, కారవాన్ గోడ పలుచని రేకు. మధ్యాహ్నం కైగల్ చూసి నాలుగు గంటలకల్లా పలమనేరు ఊళ్లోకి వచ్చివేయండి. దారిలో ఏనుగు కనబడితే హారన్ మోగించవద్దు, దిగి ఫొటో తీయవద్దు, మెల్లగా వెనక్కి పొండి.

సంగటి_ముద్ద
మా మేనమామ చెరకు తోటలో ఏనుగులు కారవాన్ లేకుండానే వచ్చి, బస చేసి, భోజనం కూడా ముగించుకొని వెళ్లాయి. అద్దె అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

వైర్‌మన్_గాంధీరోడ్డు
"నచ్చిన చోట ఆపుకోండి" అన్న మాటకు కరెంటు లెక్క చెబుతాను. కారవాన్‌లో ఫ్యాను, దీపాలు, ఫోన్లు, చిన్న ఫ్రిజ్ బ్యాటరీ మీద నడుస్తాయి. 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ బ్యాటరీలో నిండుగా ఉన్నప్పుడు ఉండేది 2.4 యూనిట్లు. ఒక టన్ను ఏసీ గంటకు దాదాపు ఒక యూనిట్ తీసుకుంటుంది. పాత రకం సీసం బ్యాటరీ అయితే సగానికి మించి వాడితే దాని ఆయుష్షు పోతుంది. అంటే ఏసీ వేసుకొని పది గంటలకు పడుకుంటే అర్ధరాత్రికి ముందే చెమటలు పట్టి లేస్తారు. జనరేటర్ ఉన్న బండి అయినా, దాన్ని నడుపుతూ కిటికీలు బిగించుకొని నిద్రపోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అందువల్ల రాత్రి బస అంటే మంచి చోటు అని కాదు, పెద్ద ప్లగ్ ఉన్న చోటు అని అర్థం చేసుకోండి. 16 ఆంపియర్ల ప్లగ్, సరిగ్గా వేసిన ఎర్త్, మీ దగ్గర 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల ఎక్స్‌టెన్షన్ ఉండాలి. ఆ వైరును చుట్టగా ఉంచి వాడితే వేడెక్కి కరుగుతుంది, పూర్తిగా విప్పి పరచాలి.

మదనపల్లె_టమాటా
వైర్‌మన్ గారి లెక్క మే నెలకు అక్షరాలా సరిపోతుంది కానీ పాకాల గారు వెళ్లేది జనవరిలో. హార్సిలీ హిల్స్ ఎత్తు 1,265 మీటర్లు. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కాబట్టి తిరుపతి కన్నా ఏడు డిగ్రీల దాకా తక్కువ. అక్కడ ఏసీ కాదు, రగ్గులు అడగండి. తలకోనలోనూ, పలమనేరులోనూ ఆ రోజుల్లో ఫ్యాను కూడా అవసరపడదు. కరెంటు లేదన్న కారణంతో మంచి చోట్లు వదులుకోవలసిన కాలం కాదు ఇది.

కొండ మీదికి రోడ్డు మలుపుల మీద మలుపులు, పొద్దున్నే ఎక్కితే ఎదురు వచ్చే బండ్లు తక్కువ. పైన స్థలం చిన్నది. శని, ఆదివారాల్లో కర్ణాటక నుంచి వచ్చే కార్లతో నిండిపోతుంది, కాబట్టి మీ రెండో రోజు వారం మధ్యలో పడేటట్టు చూసుకోండి. నీలగిరి చెట్ల మధ్య సాయంకాలం గాలికి నడవడానికి అంతకన్నా మంచి చోటు మన ప్రాంతంలో లేదు. దిగాక మదనపల్లెలో ఒక గంట ఆగండి. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో ఉన్నప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు, ఆ సంగతి పిల్లలకు అక్కడే చెబితే గుర్తుంటుంది.

వైర్‌మన్_గాంధీరోడ్డు
జనవరి అన్న మాటను నేను పట్టించుకోలేదనడం న్యాయమే. అయినా ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టవలసిన పెద్దవారు ఉంటే రోజు విడిచి రోజైనా బ్యాటరీ నిండాలి. ఆ ఒక్క విషయం కనుక్కోండి.

స్వర్ణముఖి_గట్టు
కరెంటు గురించి ఇంత మాట్లాడారు, నీళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. చాలా కారవాన్‌లలో మంచినీటి ట్యాంకు వంద లీటర్ల చుట్టుపక్కలే. ఆరుగురు తలా ఒక బక్కెట్ స్నానం చేస్తే ఒక్క పొద్దుతో అది ఖాళీ. కాబట్టి స్నానాలు బస చేసే అతిథిగృహంలో, బండిలోని నీళ్లు ముఖం కడుక్కోవడానికీ గిన్నెలకూ మరుగుదొడ్డికీ అని మొదటే ఇంట్లో చెప్పాలి. ఘాట్ ఎక్కే ముందు ట్యాంకు నిండా నింపవద్దు, వంద లీటర్లంటే వంద కిలోలు, పైన నింపుకోవచ్చు.

ఇక ఎవరూ పైకి అడగని విషయం. మరుగుదొడ్డి కింద ఉండే పెట్టె ఇరవై లీటర్ల లోపే ఉంటుంది. ఆరుగురు వాడితే రోజుకొకసారి ఖాళీ చేయవలసిందే. ఎక్కడ? సెప్టిక్ ట్యాంకు ఉన్న మరుగుదొడ్డిలో మాత్రమే. మా ఊరి చెరువు కట్ట మీద ఒక బండివారు తెల్లవారుజామున ఆ పెట్టె బోర్లించి పోయారు. పశువులు తాగే నీళ్లవి. ఊరివాళ్లు ఆ తరువాత ఏ పెద్ద బండినీ కట్ట దగ్గర నిలవనివ్వడం లేదు, వారిని తప్పు పట్టలేను. మీ డ్రైవరుకు ఈ పని తన బాధ్యతేనని అద్దెవారు చెప్పారా లేదా మాట్లాడుకోండి, లేకపోతే రెండో రోజు ఉదయమే గొడవ మొదలవుతుంది.

పాకాల_జంక్షన్
ఇప్పుడే ఫోను చేసి అడిగాను. ఆ పెట్టె "కస్టమరు చూసుకోవాలి" అన్నారు. మా ఆవిడ నా వైపు చూసింది.

పీలేరు_కోడలు
చేతి తొడుగులు నాలుగు జతలు ఎక్కువే కొనుక్కోండి. తొడుగులు వేసుకోవలసింది మీరే, ఆవిడ చూపుకు అర్థం అదే.

కాయిదాల_కామయ్య
డబ్బు కట్టేముందు ఆర్‌సీ పుస్తకం అడిగి చూడండి. అందులో మోటారు కారవాన్ అని ఉండాలి. ఈ బండ్లకు ఏఐఎస్ 124 అనే ప్రమాణం ఉంది. పాత ట్రావెలర్ కొని, సీట్లు పీకి, మంచాలు బిగించి, రవాణా శాఖకు చెప్పకుండా తిప్పేవారు ఉన్నారు. తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడం చెల్లదని సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే చెప్పింది. అటువంటి బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకొనేది ఆ మార్పునే.

మీరే నడపాలనుకుంటే, 7,500 కిలోల లోపు బండికి ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలునని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. చట్టం ఒప్పుకున్నా అలవాటు లేని చేతికి బాషా గారు చెప్పిన ఘాట్‌లు వద్దు. పసుపు నంబరు బోర్డు ఉన్న అద్దె బండి అయితే ఆల్ ఇండియా టూరిస్టు పర్మిట్ ఉందో లేదో కూడా చూడండి. ఫోనులో మ్యాపు చెప్పినట్టు పోతే పలమనేరు దగ్గర కర్ణాటకలోకి, నాగలాపురం దాటాక ఊత్తుకోట వైపు తమిళనాడులోకి తెలియకుండానే వెళ్లిపోతారు.

బెంగళూరు_చిత్తూరోడు
పెట్టె కడగాలి, స్నానం అతిథిగృహంలో చేయాలి, ప్లగ్ అడుక్కోవాలి, ఆర్‌సీ పరీక్షించాలి. నా మొదటి పోస్టును మళ్లీ చదువుకోవలసిందిగా మనవి.

పీలేరు_కోడలు
మీ కారులో దారి మధ్యన పెద్దావిడ నడుము వాల్చడానికి చోటు ఉన్నప్పుడు తప్పక చదువుతాను.

నగరి_నేత
అందరూ కొండల వైపే లాగుతున్నారు. పుత్తూరు, నారాయణవనం, కైలాసకోన వైపు ఎవరూ మాట్లాడలేదు. ఇటు ఘాట్ లేదు, నేల చదును, నారాయణవనంలో కల్యాణ వేంకటేశ్వరుని గుడి, దగ్గరలోనే కైలాసకోన ధార, నాగలాపురంలో వేదనారాయణస్వామి. దారంతా నగరి కొండలు ఒక పక్కన వస్తూనే ఉంటాయి. బరువైన బండికి, నడవలేని పెద్దవారికి ఈ వైపే తగినది. అక్కడి నుంచి పులికాట్‌కు పోతే జనవరిలో రాజహంసలు ఉంటాయి, నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు ఉంటాయి. హార్సిలీ హిల్స్ తీసివేసి ఇటు రండి.

మదనపల్లె_టమాటా
గూడబాతులను బైనాక్యులర్‌లోంచి చూడాలి, కొండగాలికి బైనాక్యులర్ అక్కరలేదు. పులికాట్ తిరుపతి నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే దారి. దానికి కారవాన్ బాడుగ దండగ.

నగరి_నేత
తలకోన కూడా పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేదే. దూరాన్ని బట్టి తీసివేయాలంటే మొదట అదే పోవాలి. కారవాన్ ఎక్కడ సుఖంగా నిలుస్తుందో అక్కడికి పోవాలన్నది నా వాదన, అది ఘాట్ మలుపులో కాదు.

డీజిల్_బాషా
నేత గారి మాటలో న్యాయముంది. కానీ నాలుగు రోజుల్లో రెండూ కుదరవు. ఘాట్ ఉన్న రోజున నలభై కిలోమీటర్లకు రెండు గంటలు వేసుకోవాలి, సాయంత్రం ఐదు తరువాత బండి కదలకూడదు. ఆ లెక్కన రోజుకు వంద, నూట ఇరవై కిలోమీటర్లకు మించి పెట్టుకోవద్దు. ఈ బండి లీటరుకు ఎనిమిది, పది కిలోమీటర్లు ఇస్తుంది, డీజిల్ ఎవరిదో, రోజుకు కనీస కిలోమీటర్లు ఎన్నో అడగండి. గ్యాసు సిలిండరు ఉంటే బండి కదిలేముందు రెగ్యులేటరు మూసివేయాలి. ఆ గ్యాసు గాలి కన్నా బరువు, కారితే నేల మీద పేరుకుంటుంది, అందుకని కింద గాలి పోవడానికి కంత ఉన్నదో లేదో వంగి చూడండి.

పాకాల_జంక్షన్
ఇంట్లో కూర్చొని మాట్లాడుకున్నాము. నేత గారు మన్నించాలి, ఈసారి చిత్తూరు దాటాక నేరుగా తిరుపతికి వచ్చివేస్తాము. కైలాసకోన, పులికాట్ వేరే సెలవుకు ఉంచుకుంటున్నాము. మొదటి రాత్రి తలకోన అతిథిగృహం ఆవరణ, రెండో రాత్రి హార్సిలీ హిల్స్, మూడో రాత్రి పలమనేరులో పెద్ద ఆవరణ ఉన్న ఒక కల్యాణమండపం. ఆ మండపం యజమాని మా తోడల్లుడికి తెలిసినవారు, ప్లగ్, నీళ్లు, సెప్టిక్ ట్యాంకు మూడూ ఉన్నాయని చెప్పారు. నాలుగో రోజు పగలే మొగిలి దిగి, కాణిపాకంలో దర్శనం చేసుకొని ఇల్లు చేరుతాము.

సంగటి_ముద్ద
అప్పుడు మూఢమే కదా? లేకపోతే మూడో రాత్రి మీ కారవాన్ ముందు బ్యాండుమేళం ఉంటుంది.

పాకాల_జంక్షన్
ఆ రోజు పెళ్లి బుకింగ్ లేదని రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను.

డీజిల్_బాషా
బండిలో మంచాలు ఎన్ని? నాలుగైతే పిల్లలు పెద్దవారి పక్కన సర్దుకుంటారు, సరే. మరి డ్రైవరు ఎక్కడ పడుకుంటాడు? ఆడవారు ఉన్న బండిలో ముందు సీటులో ముడుచుకొని పడుకోమంటే వాడికీ ఇబ్బంది, మీకూ ఇబ్బంది. రాత్రి నిద్ర లేనివాడు మరునాడు ఘాట్‌లో స్టీరింగ్ పట్టుకుంటాడని గుర్తుంచుకోండి. మూడు చోట్లా వాడికొక గది చెప్పండి, భత్యంతో పాటు భోజనం ఎవరిదో కూడా ముందే మాట్లాడండి.

పాకాల_జంక్షన్
తలకోనలోనూ, హార్సిలీ హిల్స్‌లోనూ ఒక్కొక్క గది ఇప్పుడే చెప్పాను. పలమనేరులో మండపం వంటవారి గది ఇస్తామన్నారు. మా స్నానాలు కూడా ఆ గదుల్లోనే అయిపోతాయి.

బెంగళూరు_చిత్తూరోడు
అంటే చివరికి గదులు తీసుకున్నారన్నమాట.

పీలేరు_కోడలు
డ్రైవరుకు. పాకాల గారూ, హార్సిలీ హిల్స్‌లో గది మెట్ల పైన ఇస్తారేమో అడగండి. స్నానానికి పెద్దవారు అక్కడికి నడవాలి కదా, కింది అంతస్తులోనే కావాలని ఇప్పుడే చెప్పి ఉంచండి.